బూట్లు విప్పి ఎక్కిన ట్యాంకు

"ఒక్క నిమిషం కూర్చుని వెళ్ళు."

"నేను డ్రైవర్ని, కాపా. దారి పొడుగునా కూర్చునే ఉంటాను. బయల్దేరే ముందు కూడా కూర్చోవాలా?"

యెఫీమ్ టెస్టు మైదానానికి బయల్దేరే ప్రతి ఉదయం ఆ ఇంట్లో ఈ రెండు మాటలూ వినబడాల్సిందే. మా ఉరల్ కొండల్లో ప్రయాణమంటే ముందు అందరూ కాసేపు కూర్చోవాలి. కోట్లు తొడుక్కున్నాక, సంచులు చేతికి తీసుకున్నాక, ఎవరికి దొరికిన చోట వాళ్ళు కూర్చుని, నోరు మెదపకుండా ఓ క్షణం ఉండి, అప్పుడు లేవాలి. పార్టీ సెక్రటరీ దగ్గర్నుంచి పాలమ్ముకునే ముసలమ్మ దాకా దీనికి మినహాయింపు లేదు. యెఫీమ్‌కి మాత్రం అది గిట్టదు. పెళ్ళైన కొత్తలో అతని భార్య కపితొలీనా, అతని నోట కాపా, చెయ్యి పట్టుకుని లాగి బల్ల మీద కూలేసేది. ఇప్పుడు మాటవరసకి అంటుందంతే.

గుమ్మం పక్కన వంగి, మందపాటి ఉన్ని బూట్లలోకి కాళ్ళు దూరుస్తూ అతను ఒక మడమ ఎత్తి చూపించాడు.

"చూశావా మేజోడు? గుడ్లగూబ కన్నంత చిల్లు."

"ఆదివారం కుడతాలే."

"ఏ ఆదివారం? ఈ నెలలోదా, ట్యాంకు తయారయ్యాక వచ్చేదా?"

కపితొలీనా నవ్వేసింది కానీ ఆ మాట గుచ్చుకుంది. శీతాకాలం మొదలైనప్పటి నుంచీ ఆమెకి ఆదివారాలే లేవు. మా ఫ్యాక్టరీ డిజైన్ ఆఫీసులో కిటికీ పక్క డ్రాయింగు బోర్డు ఆమెది. కొత్త ట్యాంకులో డ్రైవరు కూర్చునే అర, అతని సీటు, పెడళ్ళు, చేతి కర్రలు, నెత్తి మీది మూత, అన్నీ ఆమె గీతలే. పెద్ద డిజైనరు గెర్మన్ లుకీచ్ రోజూ పొద్దున్నే వచ్చి బోర్డు మీద తన అరచెయ్యి అడ్డంగా పెట్టేవాడు. "ఇంత తగ్గాలి, కపితొలీనా మత్వేయెవ్నా. పాతదానికంటే ఇంత పొట్టిగా ఉండాలి. పొట్టి బండిని గురి చూసి కొట్టడం కష్టం." సాయంత్రం వచ్చి మళ్ళీ అదే అరచెయ్యి పెట్టేవాడు. ఆ చేతి ముద్ర కాగితం మీద మరకై ఉండిపోయింది.

ఆ అరచేతి మందం అంతా చివరికి డ్రైవరు మోకాళ్ళ దగ్గరే కోతపడింది. ఆ డ్రైవరు ఎవరు? ఈ ఫ్యాక్టరీ గేటు దాటిన ప్రతి కొత్త బండినీ మొట్టమొదట తోలినవాడు యెఫీమ్ పంతెలెయెవిచ్. తలుపు చట్రం కింద తల వంచితే తప్ప ఇంట్లోకి రాలేని మనిషి.

ఉక్కుతో చేసే ముందు ట్యాంకుని చెక్కతో చేస్తారు. సైజులో ఏ తేడా ఉండదు. ఫిరంగి గొట్టం బదులు చిత్రిక పట్టిన దుంగ, కవచం బదులు పైన్ చెక్క, ప్లైవుడ్డు, పైన పచ్చ రంగు. దాన్ని చేసేది గరీఫ్. తాతారు మనిషి. వాళ్ళ భాషలో అన్నని 'అబీ' అంటారు కాబట్టి ఫ్యాక్టరీ అంతటికీ గరీఫ్ అబీయే. ఆయన షెడ్డులోకి అడుగు పెట్టాలంటే గుమ్మం దగ్గర బూట్లు విప్పాలి, కోటు వంకెకి తగిలించాలి. ఎవరైనా సరే.

"మంచు బురదతో నా చెక్క మీద ఎక్కుతావా? మీ ఇంట్లో మీ ఆవిడ ఎక్కనిస్తుందా?" అనేవాడు. ఎవరింట్లో ఎక్కనిస్తారు గనక! అందరూ నోరు మూసుకుని విప్పేవాళ్ళు. అంచేత మా చెక్క ట్యాంకులన్నిటినీ పరీక్షించింది మేజోళ్ళ కాళ్ళతోనే. ఇంజినీర్లందరూ మెత్తగా, దొంగల్లా నడిచేవాళ్ళు ఆ షెడ్డులో.

బండిని చూసి ఆమోదించే కమిషన్ మాస్కో నుంచి రావడానికి ముందురోజు యెఫీమ్‌ని సీటు సరిచూడటానికి పిలిచారు. మంచి మేజోళ్ళు వేసుకుని వచ్చాడు. చొక్కాతో మూతలోంచి దిగాడు, ముందు కాళ్ళు, తర్వాత నడుము, చివరికి భుజాలు ఒకటొకటిగా. కపితొలీనా పక్కన నిలబడి పెన్సిలు కొరుకుతోంది.

"ఎలా ఉంది?" అని అడిగాడు గెర్మన్ లుకీచ్.

"సీసాలో బిరడాలా ఉంది," లోపల్నుంచి యెఫీమ్. "యుద్ధానికి ముందు నేను తోలిన పెట్రోలు బండి చర్చి గంటస్తంభంలా అంత దూరం నుంచీ కనబడేది, అగ్గిపుల్లలా అంటుకునేది. టి-ముప్పైనాలుగు ట్యాంకు వచ్చింది, డీజిలు, ఏటవాలు కవచం, బతికించింది. తర్వాత వచ్చింది దానికంటే పొట్టి. ఇది ఇంకా పొట్టి. ఇలా పోతే నా మనవడు పడుకుని తోలాల్సిందే."

"హాస్యాలు తర్వాత. పట్టకపోతే ఇప్పుడే చెప్పు. డ్రైవర్లలో ఫద్దేయ్ ఉన్నాడు, నీ భుజం దాకా కూడా రాడు. మొదటి బండి అతనికిచ్చేస్తాను. మనిషి కోసం బండిని పెంచేది లేదు."

షెడ్డులో గరీఫ్ రంపం ఆగింది. కపితొలీనా పెన్సిలు నోట్లోంచి తీసింది. తన చేత్తో గీసిన గీత తన మొగుణ్ణే బండి దింపేస్తుందా?

"పట్టాను కదా!" అన్నాడు యెఫీమ్. చేతులు మూత అంచున ఆనించి ఒక్క ఊపున పైకి వచ్చేశాడు. మేజోళ్ళ కాళ్ళతో చెక్క మీద దూకి చప్పుడు లేకుండా దిగాడు. ఫద్దేయ్ పేరు ఇంకెవరూ ఎత్తలేదు. ఆ సాయంత్రం కపితొలీనా మాంసం కూరిన పెల్మేనీ కుడుములు చేసి పెట్టింది. అతని పళ్ళెంలో ఎక్కువ వెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏం, లెక్కపెట్టి పెడుతున్నావా?"

"నువ్వు లావెక్కితే నా డ్రాయింగు మార్చాలి."

"దానికంటే నన్నే కాస్త చిత్రిక పట్టమను గరీఫ్‌ని."

కమిషన్ వచ్చిన రోజు చలి కత్తిలా ఉంది. మాస్కో నుంచి ఒక జనరల్, వెంట కల్నల్‌లు. జనరల్ పొట్టిగా, గుండ్రంగా, ఎర్రటి చెవులతో ఉన్నాడు. ఆయన్ని చూసి గరీఫ్ ఒక్క క్షణం తటపటాయించి, "దయచేసి బూట్లు..." అన్నాడు. జనరల్ నవ్వి విప్పేశాడు. కల్నల్‌లూ విప్పారు. అంతమంది పతకాలవాళ్ళు మేజోళ్ళతో బారుగా నిలబడటం చూడ్డానికి బాగానే ఉంది.

యెఫీమ్ మైదానం నుంచి నేరుగా వచ్చాడు, గొర్రెతోలు కోటుతో. గుమ్మం దగ్గర వంగి ఒక బూటు సగం లాగాడు. మళ్ళీ లోపలికి దోసేశాడు. కపితొలీనా చూసింది. ఆ మడమ! రాత్రి ఉతకడం మర్చిపోయింది, మంచి జత నీళ్ళ తొట్టిలోనే నానుతోంది. ఆమె నాలుక కరుచుకుంది.

"యెఫీమ్ పంతెలెయెవిచ్, బూట్లు!" అని అరిచాడు గరీఫ్.

"చలేస్తోంది అబీ," అంటూ యెఫీమ్ చరచరా నడిచి, కోటుతో బూట్లతో సహా మూతలోకి దిగిపోయాడు. గరీఫ్ తన చెక్క మీద పడ్డ తడి అడుగుల్ని చూసుకుని ఒక చేత్తో చెంప పట్టుకున్నాడు.

అంతా సవ్యంగానే జరిగింది. జనరల్ అడిగాడు, యెఫీమ్ చెప్పాడు. ఎడమ కర్ర, కుడి కర్ర, పెడళ్ళు, చూసే అద్దం. మూత మూసి తెరిచారు. జనరల్ ఫిరంగి బురుజు చుట్టూ తిరిగి, తన భుజంతో ఎత్తు కొలుచుకుని, "శభాష్, గెర్మన్ లుకీచ్. గడ్డిలో పడుకుంటే కనబడదు," అన్నాడు. గెర్మన్ లుకీచ్ చెవుల దాకా నవ్వాడు.

"ఇక దిగవయ్యా," అన్నాడు జనరల్.

యెఫీమ్ తల మూతలోంచి బయటికి వచ్చింది. భుజాలు వచ్చాయి. అక్కడ ఆగాయి. మళ్ళీ కొద్దిగా కిందికి దిగాయి.

"కామ్రేడ్ జనరల్," అన్నాడు అతను, గొంతు సర్దుకుని. "బండి ఇవాళే దారిన పడుతోంది కదా. ఆనవాయితీ ప్రకారం ఒక్క నిమిషం అందరం కూర్చుందామా?"

జనరల్‌కి అది ఎంతో నచ్చింది. "అవునవును! మంచిమాట," అంటూ మేకుల పెట్టె మీద కూర్చున్నాడు. గెర్మన్ లుకీచ్ దుంగ మీద, కల్నల్‌లు బల్ల మీద, గరీఫ్ తన రంపం పక్కన నేల మీద. టోపీలు తీసి, తలలు వంచి, మేజోళ్ళ కాళ్ళు దగ్గరికి పెట్టుకుని అందరూ మౌనంగా కూర్చున్నారు. షెడ్డంతా రంపపు పొట్టు వాసన.

కపితొలీనా ఒక్కతే కూర్చోలేదు. ఎందుకంటే యెఫీమ్ కూర్చోడు. ఇన్నేళ్ళ కాపురంలో, బతిమాలినా, అలిగినా, ఆమె తల్లి చివరి రోజుల్లో ఊరికి బయల్దేరినప్పుడు కూడా అతను కూర్చోలేదు. అలాంటివాడు నోరు తెరిచి, జనరల్‌ని కూర్చోమంటున్నాడు!

ఆమె మెల్లిగా రెండడుగులు పక్కకి జరిగి అతని మొహం చూసింది. కణతల మీద చెమట. పళ్ళు బిగించి ఉన్నాయి. లోపల ఎక్కడో చెక్కకి ఉన్ని రాసుకుంటున్న మెత్తని చప్పుడు. ఇరుక్కుపోయాడు. మనిషి లేవలేక, కాలితో కాలి బూటు విప్పుకుంటున్నాడు. ఆమె కళ్ళతో అతని కళ్ళు కలిశాయి. అతను చిన్నగా తల అడ్డంగా ఊపాడు. చెప్పకు.

జనరల్ నిట్టూర్చి లేచాడు. "ఇక దేవుడున్నాడు," అనేశాడు, పార్టీ మనిషై ఉండీ. సరిగ్గా అప్పుడే యెఫీమ్ ఒక్క ఊపున బయటపడ్డాడు. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి చిల్లు మేజోడు, అందులోంచి తొంగిచూస్తున్న మడమ.

అందరూ గొల్లుమన్నారు. జనరల్‌కి కళ్ళనీళ్ళొచ్చాయి. "ఇదటయ్యా నీ చలి! మీ ఆవిడ ఎవరో గానీ చీవాట్లు పెట్టాలి."

"ఆవిడ ఇక్కడే ఉంది, కామ్రేడ్ జనరల్. ట్యాంకు గీస్తూ తీరిక దొరకలేదు," అన్నాడు యెఫీమ్. నవ్వు ఇంకా పెద్దదైంది. ఒక కల్నల్ కలం మూత విప్పి, సంతకం కోసం కాగితాలు బల్ల మీద పరిచాడు.

అక్కడితో అయిపోయేది. ఆమె గీసిన బొమ్మ నెగ్గేది, మొగుడి సీటు మొగుడికుండేది. నోరు మూసుకుంటే చాలు. కపితొలీనాకి ఆ సంగతి తెలుసు. అయినా చెక్క ట్యాంకు మీదికెక్కి, మూతలోకి చెయ్యి పెట్టి, మోచేయి దాకా దూర్చి, భుజం దాకా దూర్చి వెతికింది. చేతికి బూటు తగిలింది. లాగింది. రాలేదు.

"రావడం లేదు," అంది గట్టిగా.

నవ్వులు ఆగాయి.

"ఈ బూటు ముందు చెక్కకీ పెడల్‌కీ మధ్య ఇరుక్కుంది. అతను ఇందాక లేవలేకపోయాడు. అందుకే మిమ్మల్నందర్నీ కూర్చోబెట్టాడు. కామ్రేడ్ జనరల్, సంతకం పెట్టకండి. తప్పు నాది."

"కాపా!" అన్నాడు యెఫీమ్.

గెర్మన్ లుకీచ్ మొహం కందిపోయింది. "కపితొలీనా మత్వేయెవ్నా, మీ ఆయన పొడుగు మనిషి. ఇది అతని సమస్య. ఫద్దేయ్‌ని పిలిపిస్తాను."

"ఫద్దేయ్ ఎందుకు?" అంది ఆమె. "ఇక్కడ అందరికంటే పొట్టివారు..." అని ఆగింది.

జనరల్ తన ఎర్రటి చెవిని రుద్దుకున్నాడు. "నా గొర్రెతోలు కోటు తీసుకురండి," అన్నాడు. "ఉన్ని బూట్లు కూడా."

గరీఫ్ ఇంకో చేత్తో ఇంకో చెంప పట్టుకున్నాడు.

ఇరుక్కున్న బూటుని ఎలాగో పీకేశాక జనరల్ దిగడం బాగానే దిగాడు. ఎక్కడమే కుదరలేదు. ముందు ఒక కాలు, తర్వాత రెండోది, ఆ తర్వాత కోటు మడత మూత అంచుకి పట్టేసింది. కాసేపు పెనుగులాడాడు. "ఒక్క నిమిషం కూర్చుందామా?" అని ఆయనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చివరికి గరీఫ్ సుత్తి, ఉలి తీసుకుని తాను వారం పాటు నునుపు చేసిన ముందు చెక్కని ఊడగొట్టాడు. "నన్ను చెక్కకు, గరీఫ్, చెక్కని చెక్కు," అంటూ జనరల్ ఆ కంతలోంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. మోకాళ్ళ మీది పొట్టు దులుపుకున్నాడు.

"మనకి ఎండాకాలమెంత? కన్ను మూసి తెరిస్తే వెళ్ళిపోతుంది," అన్నాడు మెల్లిగా. "మనం దీన్ని చొక్కాలేసుకుని చూస్తున్నాం." కలం మూత పెట్టించాడు. "మళ్ళీ వస్తాను. అప్పుడు నా బూట్లు ఎవరూ విప్పించకూడదు."

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. మంచు మీద యెఫీమ్ ముందు, ఆమె వెనక. వంటింట్లో క్యాబేజీ సూపు వేడెక్కుతుండగా అతనే మొదలుపెట్టాడు.

"ఎవరడిగారు నిన్ను? చిన్నగా బయటపడ్డాను కదా. తర్వాత నీ చెవిలో చెప్పేవాణ్ణి, నువ్వే గుట్టుగా మార్చుకునేదానివి. అంతమంది ముందు నీ బొమ్మ తప్పని నా నోటితో చెప్పమంటావా?"

"నా పరువు కోసం కాదులే. ఫద్దేయ్‌కిచ్చేస్తారని నీ భయం."

యెఫీమ్ చెంచా కింద పెట్టాడు. "అదీ ఉంది," అన్నాడు. చెంచాని బల్ల మీద తిప్పుతూ, "సగం అదే," అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది, జాలీ వేసింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి గరిటె విసిరికొట్టి, మళ్ళీ తనే తీసుకుంది.

"నువ్వంటే చెక్క బండిలో ఇరుక్కున్నావు. జనరల్‌ని కూర్చోబెట్టి బూటు విప్పుకున్నావు. రేపు నిజం బండి అంటుకుంటే, లోపలున్నవాడికి 'ఒక్క నిమిషం కూర్చుందాం' అనే తీరిక ఉంటుందా?"

యెఫీమ్ కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అద్దం మీద గడ్డకట్టిన మంచుని గోటితో గీకాడు. "ముప్పైనాలుగు బండిలో మాకు స్తిపాన్ అని ఒకడుండేవాడు. బండి అంటుకున్నప్పుడు వాణ్ణి కాలరు పట్టుకుని లాగాను. కాలరే వచ్చింది," అన్నాడు. ఆ సంగతి ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. కపితొలీనా వెనక నుంచి వచ్చి అతని తల మీద గడ్డం ఆనించి నిలబడింది. సూపు చల్లారిపోయింది.

ఆ తర్వాత గెర్మన్ లుకీచ్ ఆమె బోర్డు వైపు రావడం మానేశాడు. అరచెయ్యి మరక అలాగే ఉంది, చెయ్యే లేదు. ఆఫీసులో అందరూ ఆమెని పలకరించి, వెంటనే తమ బోర్డుల్లో తలలు దూర్చేవాళ్ళు. ఆమె మాత్రం గీస్తూనే ఉంది. చెరిపి మళ్ళీ గీసింది. పైకి పెంచడానికి వీల్లేదు. ముందుకి జరిపితే కవచం, వెనక్కి జరిపితే బురుజు.

రెండు రోజుల తర్వాత ఆయన వచ్చాడు. వెచ్చటి ఆఫీసులో, కాళ్ళకి ఉన్ని బూట్లతో.

"నిన్ను తిట్టాలని వచ్చాను," అన్నాడు. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి. "మెట్లెక్కేసరికి మర్చిపోయాను. నిన్న రాత్రి భోజనాల బల్ల కింద పీట వేసుకుని, ఇవి తొడుక్కుని కూర్చున్నాను. మా ఆవిడ డాక్టర్ని పిలవబోయింది." కుర్చీ లాక్కున్నాడు. "పైకి గోరంత కూడా ఒప్పుకోను. ఒట్టు."

"కిందికి పెట్టలేదుగా ఒట్టు?" అంది కపితొలీనా.

ఆమె కాగితం తిప్పి చూపించింది. బండి అడుగు రేకుని డ్రైవరు కింద మాత్రం కిందికి వంచింది. సీటు ఆ గుంటలో దిగుతుంది. మోకాలు లేవడానికి చోటొస్తుంది, పైకప్పు కదలదు. మేజోళ్ళు నానబెట్టిన తొట్టి ముందు కూర్చుని ఏడుపు ఆపుకుంటున్నప్పుడు తట్టిందది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

"తొట్టి!" అన్నాడు గెర్మన్ లుకీచ్. "బట్టలుతికే తొట్టి! నా ట్యాంకుకి!" కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "రాళ్ళు తగులుతాయి."

"చూసి తోలాలి."

ఆయన మెల్లిగా అరచెయ్యి తీసి, ఈసారి బండి అడుగున, ఆ వంపు కింద పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

"మొదటి బండి ఎవరికిస్తారు?" అంది ఆమె. అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"టెస్టు డ్రైవరు తప్పు దాచకూడదు. దాచినవాడికి ఇవ్వను." ఆయన బూట్ల వైపు చూసుకున్నాడు. "ఈ మాట అందామని నిన్న అతన్ని పిలిపించబోతే, అప్పటికే వచ్చి గుమ్మం దగ్గర నిలబడున్నాడు. 'దాచాను, గెర్మన్ లుకీచ్. ఫద్దేయ్‌కిచ్చెయ్యండి. మా ఆవిడ బొమ్మని మాత్రం పక్కన పడెయ్యకండి' అన్నాడు. ఇంట్లో చెప్పలేదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చెప్పి ఉండడులే. ఫద్దేయ్ ఎప్పుడైనా ఇరుక్కుంటే వచ్చి చెప్తాడో లేదో నాకు తెలియదు. ఇతను చెప్తాడని ఇప్పుడు తెలుసు. మొదటి బండి ఇతనిదే. అతన్ని కొత్త మేజోళ్ళు కొనుక్కోమను." గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగాడు. "గరీఫ్ షెడ్డు మీద ఏం రాశాడో చూశావా?"

సాయంత్రం వెళ్ళి చూసింది. తలుపు మీద తడి ఆరని పచ్చ రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు: బూట్లు విప్పితే లోపలికి రానివ్వను.

మర్నాడు పొద్దున యెఫీమ్‌కి మైదానంలో పని. కపితొలీనా నేల తుడిచి, తడిగుడ్డ పిండుతోంది. అతను కోటు తొడుక్కున్నాడు, బూట్లు తొడుక్కున్నాడు. మడమ దగ్గర కొత్త ఉన్ని దారంతో, మేజోడుకి సరిపడని రంగులో అతుకు బూట్లోకి దూరేముందు కనబడింది. ఆమె కూర్చోమనలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి అనలేదు. గెర్మన్ లుకీచ్ చెప్పిన మాటే మనసులో తిరుగుతోంది. నోరు తెరిస్తే ఏడుస్తానని భయం.

యెఫీమ్ తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. తీసేశాడు. నిన్నటి బురద అంటిన బూట్లతోనే వెనక్కి నడిచి, తడి నేల మీద నల్లటి అడుగులు వేసుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. పక్కన చోటు చేత్తో తట్టాడు.

"దారంతా కూర్చునేవాడివిగా?" అంది ఆమె.

"అక్కడ పక్కన ఎవరూ ఉండరు."

ఆమె గుడ్డ వదిలేసి వచ్చి కూర్చుంది. అతను అడుగుల మరకలు చూసి, అలవాటు కొద్దీ వంగి బూటు లాగబోయాడు. కపితొలీనా అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"విప్పకు," అంది. "ఉండనీ."